యాడికి చెప్పిన కథలు



"అక్కా, నువ్వు ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం పట్టుకొని ఉంటావు కదా, ఏవి చదవాలో లిస్ట్ పెట్టు" అని గ్రూపులో ఒక తమ్ముడు అడిగినాడు. లిస్ట్ పెట్టడం పెద్ద పని కాదు. కానీ ఏ పుస్తకం ఎందుకు నచ్చిందో చెప్పకుండా పేర్లు మాత్రం పెడితే అది గైడ్‌లో బిట్ల మాదిరి అయిపోతుంది. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా. ఓపిక చేసుకొని చదవండి.

ముందు పేరు సంగతి. మన ఆదోని, ఎమ్మిగనూరు తెలుగులో "యాడికి" అంటే ఎక్కడికి అని అర్థం. మా సుగాలి ఇండ్లల్లో యాడి అంటే అమ్మ. కాబట్టి ఇవి అమ్మకు చెప్పిన కథలు. ఎరుకల, చెంచు, యానాది తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఇంట్లో అమ్మను ఏమని పిలుస్తారో ఆ మాట పెట్టుకొని చదువుకోండి.

మాది ఆదోని వైపు తండా. డిగ్రీ ఆదోనిలోనే హాస్టల్లో ఉండి చదివినా. ఇప్పుడు ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటూ డీఎస్సీకి చదువుతున్నా. పొద్దున బడి, సాయంత్రం సైకాలజీ, మెథడాలజీ. రాత్రి పడుకునే ముందు కథో నవలో ఇరవై పేజీలు. ఆదివారం ఇంటికి పోయేటప్పుడు బస్సులో సీటు దొరికితే ఇంకో ముప్పై. ఫోన్లో పీడీఎఫ్ నాకు కుదరదు, రెండో పేజీకే వాట్సాప్ వచ్చి పిలుస్తుంది. కాగితం పుస్తకమే కావాల. లైబ్రరీ పుస్తకం మీద గీతలు గీయను, పక్కన ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుంటా.

"నవలలు చదివితే ఉద్యోగం వస్తుందా?" అని మన వాళ్లే అడుగుతారు. రాదు. ఉద్యోగానికి గైడ్ చదవాల్సిందే, నేనూ చదువుతున్నా. కానీ ఆ గైడ్‌లో మనం ఎట్ల ఉంటామో చూసినారా? ఒక మార్కు బిట్. "కింది వాటిలో సుగాలీల పండుగ ఏది?" తీజ్ దగ్గర టిక్ పెడితే మార్కు పడుతుంది. పెళ్లి కాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్లు పోస్తూ పాడే పాటలకు ఆ బిట్‌లో చోటు ఉండదు. ఆ చోటు ఎక్కడుందో వెతుక్కుంటూనే నేను కథల్లోకి పోయినా.

ఇంక అసలు సంగతి. మా యాడికి చదువు రాదు. సంక్రాంతి దాటితే మా తండా సగం సుగ్గికి పోతుంది, గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆదోని పల్లెల వాళ్లకు సుగ్గి అంటే ఏమో నేను చెప్పక్కర్లేదు. ఇంటికి తాళం, చిన్నపిల్లలు ముసలివాళ్ల దగ్గరో సీజనల్ హాస్టల్లోనో, పెద్దవాళ్లు చేను గట్టున పట్టల గుడిసెల్లో. రాత్రి ఎనిమిదికి యాడి ఫోన్ చేస్తుంది. "తిన్నావా?" "తిన్నా. కాయ ఎట్లుంది?" "ఉంది." అంతే, మాటలు అయిపోతాయి. ఒక రోజు ఆమే అడిగింది, "రాత్రిపూట ఏదో చదువుతుంటావు కదా, అందులో ఏముంది?" అని.

ఆ రోజు నా చేతిలో ఉన్నది కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు". కేశవరెడ్డి గారు చిత్తూరు జిల్లాలో పుట్టి, కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. పందులు మేపుకునే ఒక ముసలాయన, కనిపించకుండా పోయిన ఈనబోయే పందిని వెతుక్కుంటూ చీకట్లో ఒక్కడే అడవిలోకి పోతాడు. పెద్ద పుస్తకమేం కాదు. నేను తెలుగులో చదువుకున్నది మా భాషలోకి తిప్పి పావుగంట చెప్పినా. మరుసటి రోజు ఫోన్ తీయగానే తిన్నావా అని అడగలేదు. "ఆ ముసలాయనకు పంది దొరికిందా?" అనింది. మూడో రోజుకు స్పీకర్ పెట్టింది. పక్క గుడిసెల ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. పగలంతా మిరపకాయల ఘాటులో ఉన్న గొంతులు, మధ్యమధ్యలో దగ్గు వినపడేది. "ముసలాయన చేతిలో ఏముంది? నీళ్లు పట్టుకపోయినాడా?" అని అడిగేవాళ్లు. రాత్రి అడవిలోకి పోయే మనిషి గురించి ముందుగా అడగాల్సింది అదే అని నాకు తట్టలేదు, వాళ్లకు తట్టింది.

నా రూమ్‌లో ఉండే ఎరుకల చెల్లెలు ఆ పుస్తకం రెండు రాత్రుల్లో చదివేసింది. "మా జేజి చెప్పే సంగతులే అక్కా, ఎవరో పుస్తకంలో రాసిండారు" అనింది.

అప్పటినుంచి పుస్తకాన్ని చూసే పద్ధతి ఒకటి నాకు ఏర్పడింది. యాడికి చెప్పగలిగితే అది నా పుస్తకం. చెప్పలేకపోతే ఎంత పెద్ద పేరున్నా పక్కన పెడతా.

ఇందులో వింత ఏం లేదు. ఆదోని పత్తి మార్కెట్లో నిలబడి చూడండి. ఒకే మనిషి రైతుతో తెలుగు, లారీ డ్రైవర్‌తో ఉర్దూ, సరుకు కొనడానికి వచ్చిన ఆయనతో కన్నడం మాట్లాడుతుంటాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలోనే ఉండేది కదా. ఒక భాషలో విని ఇంకో భాషలో చెప్పడం ఇక్కడ రోజూ జరిగే పని. మనం అది బేరానికి వాడుతున్నాం, పుస్తకానికి వాడటం లేదు, అంతే తేడా.

చెప్తే నిలబడని పుస్తకాలు ఎట్లుంటాయంటే, ఒక పాత కథలో తండా వస్తుంది. అద్దాల బట్టలు, వెన్నెల, మంట చుట్టూ ఆట, అమాయకమైన నవ్వులు. యాడికి చెప్పినా. ఆమె అంతా విని, "ఆ తండాలో పనికి పోయేవాళ్లు ఎవరూ లేరా? ఎప్పుడూ ఆడుతూనే ఉంటారా?" అనింది. ఆ కథ మీద అంతకంటే మంచి విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

అట్లని మన గురించి మన వాళ్లే రాయాలని నేను అనను. "ఎవరిదీ అడవి" చదవండి. మహాశ్వేతాదేవి బెంగాలీలో బిర్సా ముండా మీద రాసిన నవలకు తెలుగు. ఆమె ముండా కాదు. కానీ ఆ జనం బాధ ఆమెకు పట్టింది. బిర్సా 1900లో రాంచీ జైల్లో చనిపోయినాడని చెప్తే యాడి వయసు అడిగింది. పాతికేళ్లు కూడా నిండలేదు అన్నా. ఆ రాత్రి స్పీకర్ అవతల ఎవరూ మాట్లాడలేదు. బండి నారాయణస్వామి గారి "శప్తభూమి" కూడా చదవండి. హండే పాలకుల కాలం నాటి అనంతపురం సీమ కథ. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రాజులు ఎక్కువ కాబట్టి ఫోన్లో మొత్తం చెప్పలేకపోయినా, సీమ మాట మాత్రం చెవిలో ఉండిపోతుంది.

"ఢావ్లో" సంగతి వేరే. రమేశ్ కార్తీక్ నాయక్ నిజామాబాద్ వైపు తండా నుంచి వచ్చిన రచయిత, మన వయసువాడు. ఆ కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. వేరే పుస్తకాలకు పేరు నేను తిప్పి చెప్పాల. దీనికి అక్కర్లేదు. ఢావ్లో అనగానే యాడి "ఆ పేరుతో పుస్తకమా?" అనింది. పెళ్లప్పుడు పిల్ల పుట్టిల్లు వదిలేటప్పుడు ఏడుస్తూ పాడేది ఢావ్లో. ఆ మాట అట్ట మీద అచ్చయి ఉందని ఆమె నమ్మలేదు. సుగ్గి నుంచి వచ్చినాక పుస్తకం చేతికిచ్చినా. అక్షరాలు రాకపోయినా పేరు మీద వేలు పెట్టి, "ఇదేనా?" అని రెండుసార్లు అడిగింది.

ఇట్ల చెప్పేటప్పుడు నాకు ఒకటి తెలిసింది. చదువుకుంటే మన భాష పోతుందని అందరూ అంటారు. నాకు తెలుగు పుస్తకాలే మా భాష నేర్పించినాయి. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోతా, మాట దొరకదు. తెలుగు మాటే వాడేస్తే యాడి ఆపి మా మాట అందిస్తుంది. ఒకసారి "దుఃఖం" దగ్గర ఆగినా. "ఏ దుఃఖం? ఆకలిదా, మనిషి పోయిందా, కూతురు పోయిందా? దేనిది దానికే ఉంటుంది" అనింది. ఆమె అందించిన మాటలన్నీ తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకుంటున్నా. ఇప్పటికి రెండు వందల దాకా అయినాయి.

అది ఎందుకు అవసరమో "ఏడు తరాలు" చదివితే అర్థమవుతుంది. అలెక్స్ హేలీ 1976లో ఇంగ్లీషులో రాసింది, సహవాసి గారు తెలుగు చేసినారు. ఆఫ్రికా నుంచి బానిసగా పట్టుకుపోయిన కుంటా కింటే తన భాషలో కొన్ని మాటలు కూతురు కిజ్జీకి నేర్పుతాడు. ఆమె తన కొడుక్కు చెప్తుంది. తరాలు దాటినాక ఆ నాలుగు మాటలు పట్టుకొనే ఆ ఇంటి మనవడు పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ పోతాడు. వాళ్ల దగ్గర పుస్తకం లేదు, కాగితం లేదు. నోటి మాటే మిగిలింది.

మా తమ్ముడు గురుకులంలో తొమ్మిదో తరగతి. సెలవులకు వచ్చినా యాడితో తెలుగే మాట్లాడతాడు. ఆమె మా భాషలో అడిగితే వాడు తెలుగులో జవాబు ఇస్తాడు. పోయిన ఎండాకాలం యాడి నాతో, "వానికి నా మాట చిన్నదిగా కనపడుతుందేమో" అనింది. కోపంగా అనలేదు. ఊరికే అనింది. అందుకే ఈ ఎండాకాలం కథ చెప్పే పని వానికి ఇచ్చినా. వాడు చదివి చెప్పాల, యాడి దిద్దాల. ఒప్పుకున్నాడు, కానీ చిన్న పుస్తకం కావాలన్నాడు.

తమ్ముడూ, నువ్వడిగిన లిస్ట్ పైన ఉంది. అందులో ఒకటి తీసుకో. ముందు నీకోసం చదువు. తర్వాత ఇంట్లో ఎవరికైనా మీ భాషలో చెప్పు. పావుగంటకు మించి చెప్పొద్దు, పగలంతా పని చేసి వచ్చినవాళ్లు. కథ మంచి చోట ఆపు, రేపు వాళ్లే అడుగుతారు. మాట దొరక్కపోతే వాళ్లను అడిగి రాసి పెట్టుకో.

ఈ ఏడు సుగ్గికి మీ వాళ్లు ఎక్కడున్నారు, మీరు ఏ పుస్తకం చెప్తున్నారు, కింద రాయండి. నేను "ఏడు తరాలు" చెప్తున్నా. ఇంకా నలభై పేజీలు మిగిలినాయి. కోతలు రెండు వారాల్లో అయిపోతాయంట. ఈలోపల కిజ్జీ కొడుకు ఏమైనాడో చెప్పకపోతే అక్కడి ఆడవాళ్లు నన్ను వదలరు.