ఎర్రోడి ఒంటేలు

మా ఊళ్ళో నాకు రెండేళ్ళుగా ఒక పేరుంది: "కుక్కకి ఒంటేలు పోయించే టీచరమ్మ". పెట్టినవాళ్ళు నవ్వుతూనే పెట్టారు, నేనూ నవ్వి ఊరుకున్నాను. అందులో అబద్ధం ఏమీ లేదు. రోజుకి నాలుగుసార్లు, నేను గానీ మా ఆయన గానీ ఆ పని చేస్తున్నాం.

ఎర్రోడు మా పోడు కాసిన కుక్క. ఆ పేరు వాడి రంగుని బట్టి పెట్టింది, బుద్ధిని బట్టి కాదు. జొన్న కంకి పట్టే రోజుల్లో రాత్రంతా మంచె కింద ఉండి పందుల్ని తరిమేవాడు. మా కొండరెడ్ల ఇళ్ళలో కుక్కని ముద్దుకి పెంచరు. అది పని చేస్తుంది, మనం తినేదే తింటుంది, గడప బయట పడుకుంటుంది. రెండేళ్ళ కిందట మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీద, తిరగడానికొచ్చినవాళ్ళ కారొకటి వాడి నడుం మీదుగా పోయింది. ఆగలేదు.

పశువుల డాక్టరుగారు వాడి వెనక కాలి వేలిని పటకారుతో గట్టిగా నొక్కారు. కాలు చటుక్కున ముడుచుకుంది. మేం సంబరపడ్డాం. "కాలు ముడుచుకున్నాడా అని కాదు, తల తిప్పి చూశాడా, అరిచాడా అని చూడాలి" అన్నారాయన. ఎర్రోడు తల తిప్పలేదు. కాలు ముడుచుకోవడం వెన్నుపాము తనంతట తాను చేసే పనట. నొప్పి మెదడు దాకా చేరితేనే తల తిరుగుతుంది. ఇక నడిచే ఆశ చాలా తక్కువని చెప్పి రెండు దారులు చూపించారు. ఒకటి ఇంజక్షన్ ఇచ్చి పంపేయడం. రెండోది ఇంట్లో పెట్టుకోవడం. "రోజూ ఎవరో ఒకరు వీడి ఒంటేలు తీయగలిగితే బతుకుతాడు. లేకపోతే కాళ్ళు పోయినందుకు కాదు, ఒంటేలు వల్ల చస్తాడు" అన్నారు.

ఇంజక్షన్ దారి తప్పని నేను అనను. ఇంట్లో మనిషి లేనప్పుడు, బాధ తగ్గనప్పుడు అదే దయ. మా ఊళ్ళో కొందరు చెప్పిన మూడో దారి, అడవిలో వదిలేసి రావడం మాత్రం నాకు మింగుడుపడలేదు. నేను రెండో దారి పట్టడానికి కారణం కుక్క మీద ప్రేమ ఒక్కటే కాదు. డాక్టరుగారి ఇంకో మాట నన్ను పట్టుకుంది. ఎర్రోడి కింద గోనెపట్టా తడిసి ఉంది కదా, ఒంటేలు పోస్తూనే ఉన్నాడు కదా అని మా ఆయన అడిగితే ఆయన ఇలా అన్నారు: "చుక్కలు పడుతున్నాయంటే సంచి ఖాళీ అవుతోందని కాదమ్మా, నిండి పొంగుతోందని."

నాకు పన్నెండేళ్ళప్పుడు మా మేనమామ జీలుగు చెట్టు మీంచి పడ్డాడు. కల్లు గీసేవాడు. మా అడవుల్లో చెట్టు మీంచి పడినవాళ్ళు ఊరికొకరైనా ఉంటారు, చింతపండుకెక్కో, తేనెకెక్కో, కల్లుకెక్కో. నడుం కింద మొత్తం పోయింది. పట్నం ఆసుపత్రికి మోసుకెళ్తే వారం ఉంచుకుని, చేసేదేం లేదు ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. అరుగు మీద తడిక వేసి పడుకోబెట్టారు. ఒంటేలు చుక్కచుక్కగా పడుతూనే ఉండేది. పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది. పడుతోంది కదా అనుకున్నారు అందరూ. తడి తగ్గుతుందని నీళ్ళు తగ్గించారు. పిరుదుల దగ్గర పుండు పడింది, జ్వరాలు పట్టుకున్నాయి. ఏ దేవత కోపమో అని కోడిని కోశారు. వాసనకి చూడవచ్చేవాళ్ళు తగ్గిపోయారు. చివరి నెలలో ఆయనే "నన్ను పశువుల పాకలో వేయండి" అన్నాడు. వేశారు. పడిన నాలుగు నెలలకి పోయాడు. అత్త ఆయన్ని ఎంత శుభ్రంగా చూసుకుందో నేను కళ్ళారా చూశాను. చాకిరీలో లోటు లేదు. సంచి నిండి పొంగుతోందన్న సంగతి ఆమెకెవరూ చెప్పలేదు, అంతే.

అందుకని డాక్టరుగారి దగ్గర ఒక పూటంతా కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్నది రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

మామూలుగా ఒంటేలు సంచి నిండగానే ఆ కబురు వెన్నుపాము గుండా మెదడుకి పోతుంది, మెదడు సరే అంటే సంచి మూతి తెరుచుకుంటుంది. వీపు నడుమ దెబ్బ తగిలితే కబురు తెగిపోతుంది. మూతి బిగుసుకుని ఉంటుంది, సంచి నిండుతూ ఉంటుంది, పట్టలేనంత అయినప్పుడు కొంచెం కొంచెం పొర్లుతుంది. దెబ్బ బాగా కిందికి, తోక మొదలు వైపు తగిలితే దీనికి తిరగబడి ఉంటుంది. మూతి వదులైపోయి, ఎత్తినా కదిపినా కారిపోతుంది. ఎర్రోడిది మొదటి రకం. అందులోనూ మగకుక్క, కాస్త కష్టమే.

వాణ్ణి పక్కకి పడుకోబెట్టి, వెనక కాళ్ళకి కొంచెం ముందు, పొట్టకి రెండు వైపులా అరచేతులు ఆనించాలి. లోపల నీళ్ళు నింపిన బుడగలాగ తగులుతుంది. నిండితే బత్తాయంత, ఒక్కోసారి అంతకన్నా పెద్దది. తగిలాక రెండు అరచేతులతో నెమ్మదిగా, తోక వైపుకి అదమాలి. పొదుగు పితికినట్టు వేళ్ళతో లాగకూడదు, చపాతీ పిండి ముద్దని అదిమినట్టు అరచేత్తో పట్టి ఉంచాలి. కాసేపటికి మూతి లొంగుతుంది, ధార వస్తుంది. ధార సన్నబడితే ఊపిరి తీసుకుని మళ్ళీ ఒకసారి. ఎంతకీ రాకపోతే బలం పెట్టకూడదు, సంచి చిట్లిపోయే ప్రమాదముంది. పొట్ట రాయిలా ఉండి ఒక పూటంతా రాలేదంటే ఇక ఇంట్లో ప్రయత్నాలు చాలించి డాక్టరు దగ్గరికే. ఆయన గొట్టం వేసి తీస్తారు. మొదటిసారి ఆయన చేతుల మీద నా చేతులు పెట్టించుకుని చూపించారు. ఇది చదివి నేర్చుకునే పని కాదు, చేతికి చెయ్యి అందించాల్సిందే.

మాకు వారం పట్టింది చెయ్యి కుదరడానికి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం బడిలో పిల్లల భోజనాలయ్యాక ఒకసారి (బడి ఇంటికి నాలుగడుగులే), పొద్దుగూకే వేళ ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. వంటింటి గోడ మీద బొగ్గుతో పట్టీ గీశాను: వేళ, కొంచెమా ఎక్కువా, రంగు. ఘాటు వాసన, మడ్డి, ఎరుపు కనిపిస్తే చీము పట్టిందని అర్థం. మొదటి ఏడాది రెండుసార్లు పట్టింది, డాక్టరుగారు రాసిన మందు పూర్తిగా వాడాం. మన ఇళ్ళలో ఉండే పారాసిటమాల్, డైక్లోఫెనాక్ బిళ్ళలు మాత్రం కుక్కకి వేయకూడదు, ప్రాణం మీదికి వస్తుంది.

దొడ్డికి సంగతి ఇంత కష్టం కాదు. రోజూ ఒకే వేళకి తిండి పెట్టి, తిన్న కాసేపటికి గోరువెచ్చని తడిగుడ్డతో ఆసనం దగ్గర తుడిస్తే తనంతట అదే వస్తుంది. విరేచనాలు పట్టిన రోజు మాత్రం పరమ నరకం. ఆ రోజు గురించి రాయను.

పడక మా ఆయన తెలివి. వెదురుతో సందులు సందులుగా తడిక అల్లి, నాలుగు మొద్దుల మీద జానెడు ఎత్తున పెట్టాడు. పైన గడ్డి కుక్కిన గోనెసంచి, దాని మీద పాత నూలు చీర మడతలు. పొర్లినా తడి కిందికి దిగిపోతుంది. కింద పొయ్యి బూడిద చల్లుతాం, వాసన లాగేస్తుంది. ఆ బూడిద తడి చర్మానికి తగలకూడదు, కాల్చేస్తుంది. చీర ముక్కలు రోజుకి నాలుగైదు ఉతకాలి. మగకుక్క కాబట్టి రాత్రిపూట నడుం చుట్టూ గుడ్డపట్టీ ఒకటి చుడితే సరిపోతుంది. కొట్లో దొరికే చంటిపిల్లల డైపరు తోకకి కంత చేసి తొడిగి చూశాం గానీ, మన ఎండలకి లోపల ఉడికిపోయి తొడలు ఎర్రబడ్డాయి. తీసేశాం. తడిసిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది, కొబ్బరినూనె పల్చగా రాస్తే చర్మం నిలుస్తుంది. డెట్టాలు వద్దన్నారు, నాకేస్తాడు. మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి. వానాకాలం ఈగలదే భయం. చర్మం చిట్లిన చోట వాలితే పురుగు పడుతుంది. మన పెద్దవాళ్ళు పశువుల పుళ్ళకి సీతాఫలం ఆకు నూరి కట్టేవాళ్ళు. పైపైన ఉంటే సరే, పురుగు లోతుకి పోతే ఆకుతో ఆగకుండా చూపించాల్సిందే.

పిల్లలు మొదట్లో ముక్కు మూసుకుని చూడ్డానికొచ్చేవాళ్ళు. ఇప్పుడు వచ్చి నీళ్ళు పెట్టి పోతారు. ఒంటేలు గుడ్డలు మాత్రం వాళ్ళని ముట్టుకోనివ్వను. లెప్టోస్పైరోసిస్ జ్వరం ఎలుకల వల్లే కాదు, కుక్క ఒంటేలు వల్ల కూడా రావచ్చు. మేం చేతులకి తొడుగులు వేసుకుని, అయ్యాక సబ్బుతో కడుక్కుంటాం. వాడికి ఏటా టీకాలు వేయిస్తాం.

ఊళ్ళో అందరూ ఇచ్చిన సలహా ఒక్కటే: "నీళ్ళు తక్కువ పెట్టు టీచరమ్మా, నీకూ చాకిరీ తగ్గుద్ది." మా మేనమామకి చేసింది అదే. నీళ్ళు తగ్గితే ఒంటేలు చిక్కబడుతుంది, చీము పడుతుంది. ఎర్రోడి గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉంచుతాం.

ఈ సలహాని మన బళ్ళలో ఆడపిల్లలు ఎవరూ చెప్పకుండానే పాటిస్తున్నారు. మరుగుదొడ్డి తలుపుకి గడియ ఉండదు, ఉన్నా నీళ్ళుండవు. అందుకని పొద్దున్నించి నీళ్ళే తాగరు. ఎర్రోడి పట్టీ మొదలుపెట్టాక మా బడిలో నేను గమనించాను, కొందరి సీసాలు సాయంత్రం కూడా నిండుగానే ఇంటికెళ్తున్నాయి. ఇప్పుడు గంట కొట్టినప్పుడల్లా అందరం కలిసి నీళ్ళు తాగుతాం, నేనూ వాళ్ళ ముందే తాగుతాను. గడియ నేనే కొని బిగించాను. పాఠంలో "మూత్రం" అని రాస్తాం, పిల్లలు చిటికెన వేలు చూపిస్తారు, ఇంట్లో "ఉచ్చ" అంటారు. ఏ మాటతో అన్నా సరే, అడగడానికి సిగ్గుపడకుండా ఉంటే చాలని నా ఉద్దేశం.

ఎర్రోడి వల్లే మనుషుల సంగతి కూడా వెతికి చదివాను. వెన్నుపూస విరిగినవాళ్ళు పుళ్ళతో, ఒంటేలు చీముతో పోవడం ఒకప్పుడు అన్ని దేశాల్లోనూ ఉన్నదే. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు, యుద్ధంలో నడుములు విరిగిన సైనికులని గంటల లెక్కన పక్కలు మార్పిస్తూ, ఒంటేలు సంగతి జాగ్రత్తగా చూస్తూ బతికించాడు. పారాలింపిక్స్ ఆటలకి మొదలు కూడా అక్కడే. 1972లో అమెరికా డాక్టరు లాపిడెస్ ఇంకో సంగతి రాశాడు: రోగి తనే, సబ్బుతో చేతులు కడుక్కుని, సన్నని గొట్టంతో కొన్ని గంటలకోసారి ఒంటేలు తీసుకోవచ్చు, దానికి ఆపరేషన్ గదిలో ఉండేంత శుభ్రం అక్కర్లేదని. మనుషులకి ఈ గొట్టం పద్ధతే మేలు. కుక్కకి నొక్కినట్టు పొట్ట నొక్కితే ఒంటేలు ఎదురుతన్ని మూత్రపిండాలు చెడతాయి. మా మేనమామ పడింది ఆ సంగతి అచ్చయిన ఇరవై ఏళ్ళకి.

పోయిన వేసవిలో పక్క ఊరి కుర్రాడు, మాకు వరసకి తమ్ముడు, చింతచెట్టు మీంచి పడ్డాడు. కాళ్ళు రావు. చూడవచ్చినవాళ్ళందరూ సదరం సర్టిఫికెట్ గురించి అడిగారు, పింఛను గురించి అడిగారు. మంచిదే, అవీ కావాలి. మేం వెళ్ళేసరికి పొట్ట మీద దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అరుగు కింద అదే వాసన. నాతో మాట్లాడలేదు. అక్కనీ టీచర్నీ, సిగ్గు. నేను బయటికొచ్చి వాళ్ళమ్మతో కూర్చున్నాను. మా ఆయన లోపలే ఉండి, ముందు ఎర్రోడి కథంతా చెప్పాడట. కారు, తడిక, బొగ్గు పట్టీ, అన్నీ. కుర్రాడు చాలాసేపు విని, "ఎన్ని గంటలకోసారి తీస్తారు బావా?" అని అడిగాడట.

రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతున్నావంటే రెండు గ్లాసులన్నాడు. చుక్కలు పడుతున్నాయి కదా, ఆసుపత్రికెందుకని వాళ్ళమ్మ అంది. ఆ రోజే జీపు మాట్లాడి తీసుకెళ్ళాం. అక్కడ తీసిన ఒంటేలు లీటరు దాటింది. గొట్టం వాడడం నేర్పండి అని నేనే అడిగాను, అడిగితే నేర్పారు. ఇప్పుడు అతనే పెట్టుకుంటున్నాడు. గొట్టాలు నెలకి సరిపడా తెప్పించే పని ఏఎన్ఎం చూస్తోంది, ఆలస్యమైతే నేను ఫోన్ చేసి విసిగిస్తాను. మా వంటింట్లో ఉన్నలాంటి పట్టీ వాళ్ళ గోడ మీద కూడా గీసి వచ్చాం. రంగు గడిలో "తెలుపు" అని అతని చేతిరాత. ఐదో తరగతి దాకా చదువుకున్నాడు.