తుప్పు ఎక్కడ మొదలవుతుంది?



బండి మీద క్రోమ్ తుప్పు పట్టింది అంటుంటాం. నిజానికి తుప్పు పట్టేది క్రోమ్ కాదు, దాని కింద ఉన్న ఇనుము. పైన మెరిసే క్రోమ్ పొర వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. దాని అడుగున నికెల్ పొర ఉంటుంది. వీటిలో కంటికి కనబడని సన్నని రంధ్రాల్లోంచి తేమ దిగి ఇనుమును తింటుంది. పైన చుక్క కనబడేసరికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది.

ఈ మధ్య దీన్ని దగ్గరగా చూశాం. మన సంఘంలో ఒక తల్లి ఇంట, ప్రభువునందు నిద్రించిన భర్త నడిపిన యెజ్డీ ఆరేళ్లుగా పశువుల పాకలోనే ఉంది. అది ఎవరికి చెందాలన్న దగ్గర ఇద్దరు కొడుకులకూ మాటలు ఆగిపోయాయి. పాత ఇనుముకు అమ్మేస్తే పీడ వదులుతుంది అందామె. యెజ్డీలు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. "అమ్మేముందు ఒకసారి తుడిచి చూద్దాం, ఇద్దర్నీ రమ్మనమ్మా" అన్నాం. వారి అనుమతితోనే ఇది రాస్తున్నాం.

ఉప్పుకాగితం, బాత్‌రూమ్ యాసిడ్ దగ్గరికి రానివ్వలేదు. అవి తుప్పుతో పాటు పూతనూ పాడుచేస్తాయి. బిర్యానీ పార్సిల్‌కు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ను ఉండగా నలిపి, నీళ్లలో ముంచి మెల్లగా రుద్దాం. అది క్రోమ్ కంటే మెత్తన, గీతలు పడవు. నల్లటి మడ్డి వస్తుంటే గుడ్డతో తుడుస్తూ పోవాలి.

ఆ బండికి సిలిండర్ ఒక్కటే, సైలెన్సర్లు రెండు. అన్నదమ్ములు చెరొకటి పట్టుకుని కూర్చున్నారు. గంటసేపు మాటల్లేవు. తర్వాత చిన్నవాడు, "అన్నా, ఆ ఫాయిల్ ఇటియ్యి" అన్నాడు. వంటింటి గుమ్మంలో ఆ తల్లి కళ్లు తుడుచుకుంది.

మెరుపు వచ్చింది గానీ గుంటలు పోలేదు. తినేసిన ఇనుము రుద్దితే తిరిగి రాదు. సిల్వర్ పెయింట్ కొట్టేద్దామని ఒకరన్నారు. కొడితే పైకి కనబడదు, లోపల తుప్పు మాత్రం ఆగదు. అందుకే గుంటల్ని అలాగే ఉంచి, తడి లేకుండా ఆరబెట్టి, మైనం పాలిష్ పూశాం. ఇక తడిసినప్పుడల్లా తుడవాల్సిందే.

బండి ఎవరిదో ఇంకా తేలలేదు. తుడిచే పని మాత్రం ఒక వారం అన్న, ఒక వారం తమ్ముడు అని ఒప్పుకున్నారు.

ప్రియులారా, మీ ఇంట్లో మాటలు ఆగిపోయిన చోటు ఉంటే పైన రంగు కొట్టకండి. ఓపిగ్గా తుడవండి. గుంటలు మిగిలినా పరవాలేదు, మళ్లీ తేమ చేరకుండా చూసుకోండి.