పన్ను తీస్తే కన్ను పోదు

మన తండాల్లో, గూడేల్లో పంటి నొప్పిని రోగం కింద లెక్కపెట్టరు. జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాం. పాము కరిస్తే పెద్దాసుపత్రికి ఉరుకుతాం. పన్ను నొస్తే మాత్రం లవంగం నమిలి, పొగాకు అదిమి, చెంపకు తువ్వాల చుట్టుకుని పత్తి చేనుకు పోతాం. దీని వెనుక నిర్లక్ష్యం కంటే భయమే ఎక్కువ.

నాది మహబూబాబాద్ జిల్లాలో ఒక లంబాడీ తండా. భూపాలపల్లి జిల్లాలో ఒక ఆశ్రమ పాఠశాలలో పంతులుగా పనిచేస్తున్నాను. నా కింది దవడలో చివరి పన్ను అడ్డంగా పెరిగి ముందున్న పన్నును పొడుస్తోందని ఎక్స్‌రేలో తేలింది. దాన్నే జ్ఞానదంతం అంటారు. హిందీలోనూ ‘అకల్ దాఢ్’ అనే పేరే. తెలివికీ దానికీ సంబంధం లేదు. సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య, బుద్ధి తెలిసే వయసులో వస్తుంది కాబట్టి ఆ పేరు. దవడలో చోటు చాలకపోతే సగమే బయటికొస్తుంది. ఆ సందులో మెతుకులు ఇరుక్కుని చిగురు వాస్తుంది, చీము పడుతుంది. నిటారుగా వచ్చి, బ్రష్ అందుతూ, బాధ పెట్టకుండా ఉంటే తీయించాల్సిన పని లేదు. నాకు రెండుసార్లు చీము పట్టింది. దసరా సెలవుల్లో మానుకోటలో తీయించుకుని తండాకు పోయాను.

గడప దాటగానే యాడి నా నోటి వంక చూడలేదు, కంటి వంక చూసింది. పన్ను తీస్తే చూపు పోతుందని ఆమె నమ్మకం. వేళ్లెత్తి ఎన్ని అని అడిగింది. నోట్లో దూది, సగం నాలుక మొద్దు. నేనూ మూడు వేళ్లెత్తి చూపించాను.

ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం ఇంగ్లిషులో ఉంది. యాడికి చదువు రాదు, తెలుగు కూడా సంతలో బేరమాడేంత వరకే. జనగామలో ఇంటర్ చదివే మా అక్క బిడ్డ సెలవులకు వచ్చి ఉంది. ఆ పిల్ల కాగితం పట్టుకుని ఒక్కో వాక్యం మా గోర్ బోలీలో చెప్పింది. యాడి ఊరికే వినలేదు. ప్రతిదానికీ ‘ఎందుకు’ అని అడిగింది.

ఉమ్మొద్దు, ఎందుకు? పన్ను తీసిన గుంతలో నెత్తురు గడ్డ కడుతుంది. ఆ గడ్డే పుండుకు మూత. గట్టిగా ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా, బీడీ తాగినా అది ఊడి ఎముక బయటపడుతుంది. అప్పుడు మూడోనాడో నాలుగోనాడో చెవి దాకా పోటు పుడుతుంది. “పుండు మీది పక్కు గీకొద్దన్నట్టే కదా” అన్నది యాడి. ఇక ఆమెకు మళ్లీ చెప్పాల్సిన పని రాలేదు. నేను పుక్కిలించబోయినా ఆమే ఆపింది. 24 గంటలు దాటాక గోరువెచ్చని ఉప్పునీళ్లు తనే కాచి ఇచ్చింది, మెల్లగా నోట్లో తిప్పి వదిలెయ్యమన్నది.

మొదటి రెండు రోజులు చెంపకు చల్లదనం పెట్టాలి. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. కిరాణా దుకాణంలో నీళ్ల ప్యాకెట్లు గడ్డ కట్టించి, తువ్వాలలో చుట్టి, 20 నిమిషాలు పెట్టడం, కాసేపు తీయడం. తిండి జొన్నరొట్టె కాదు, చల్లారిన రాగిజావ, మజ్జిగ, మెత్తగా పిసికిన పప్పన్నం. చిన్నాయన కల్లు తెచ్చాడు, నొప్పి తెలియదని. నాకిచ్చిన గోళీల్లో మెట్రోనిడజోల్ ఉంది. అది వాడుతున్నప్పుడు, ఆపాక మూడు రోజుల దాకా కల్లు, సారా ముట్టొద్దు. వాంతులు, గుండెదడ రావచ్చు. చిన్నాయన కల్లు తనే తాగి పోయాడు.

మూడోనాడు పొద్దున చెంప పొంగి కన్ను చిన్నదయింది. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి “చెప్పలేదా” అన్నారు. యాడి ముఖం వాడిపోయింది. అక్క బిడ్డ మళ్లీ కాగితం తీసింది. వాపు రెండు మూడు రోజులు పెరిగి తర్వాత తగ్గుతుంది. ఆ తర్వాత కూడా పెరిగినా, జ్వరం, చీము వచ్చినా, మింగడం కష్టమైనా ఆసుపత్రికి పోవాలి. కంటి సంగతి నేను నోట్‌బుక్కులో బొమ్మ గీసి చూపించాను. చూపు నరం వేరు, పంటి నరం వేరు. ఒకటి తెగినా రెండోదానికి ఏమీ కాదు. నిజానికి పుచ్చిన పన్నును అట్లనే వదిలేస్తేనే చీము చెంపలోకి, మెడలోకి పాకి ప్రాణం మీదికి రావచ్చు. ఐదోనాటికి వాపు దిగింది. పాలల్లో నానబెట్టిన రొట్టె తిన్నాను. వారానికి కుట్లు విప్పారు.

సెలవులు ముగిసి బడికి పోతే, పదో తరగతి లంబాడీ పిల్ల ఒకతె పుచ్చు పంటితో ఒక పక్కనే నములుతూ కనిపించింది. ఇంట్లో ఆసుపత్రికి వద్దన్నారట. అదే కంటి భయం. నేను వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్పాను. పంతులు మాటకు ఆమె ‘ఊ’ అన్నది, అంతే. అప్పుడు యాడితో మాట్లాడించాను. ఇద్దరూ గోర్ బోలీలో చాలాసేపు మాట్లాడుకున్నారు. “నా కొడుకు రెండు కండ్లతో చూస్తున్నాడు” అన్న ఒక్క మాట పనిచేసింది. ఆ వారమే పిల్లను తీసుకుపోయారు. పన్ను తీయాల్సిన అవసరం కూడా రాలేదు, వేర్లు శుభ్రం చేసి నింపారు. ఇంకొంత ఆలస్యమైతే ఆ పన్ను దక్కేది కాదు.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వైద్యం దగ్గరికొచ్చింది. కానీ మానడం ఇంట్లో జరుగుతుంది, ఇంటి భాషలో జరుగుతుంది. పంతుళ్లారా, ఉమ్మొద్దు, పొగాకు పెట్టొద్దు, వాపుకు బెదరొద్దు అనే నాలుగు ముక్కలు గోర్ బోలీలో, కోయలో, తెలుగు లిపిలో చార్టు మీద రాయించి హాస్టల్ గోడకు పెట్టండి. చదువుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ఇంటికి పోయినప్పుడు మందుల కాగితం మీరే అందుకోండి. అమ్మ ‘ఎందుకు’ అని అడిగితే విసుక్కోకుండా చెప్పండి. ఆమెకు తెలిస్తే తండా అంతటికీ తెలిసినట్టే.