గంటంటే ఎంతసేపు?

"ఎంతసేపట్లో వస్తావు నాయనా?"

2018 వేసవిలో ఒక పొద్దున తొమ్మిదింటికి తాడిపత్రి నుంచి అమ్మ ఫోను. రాత్రి నుంచి నాయనకు ఆయాసం ఎక్కువైందట. హైదరాబాద్‌లో ఉన్న నేను ఆమెకు ధైర్యం చెబుదామని "విమానంలో వస్తా మా, గంట ప్రయాణం" అనేశాను.

అబద్ధమేమీ చెప్పలేదు. 2017 ఏప్రిల్ 27న 'ఉడాన్' పథకం కింద సిమ్లా-ఢిల్లీ విమానాన్ని ప్రారంభించిన రోజునే కడప-హైదరాబాద్ సర్వీసునూ ప్రారంభించారు. ఎక్కడో మంచుకొండల్లోని సిమ్లాకూ, ఎండలు మండే మా సీమకూ ఒకేరోజు ఆ యోగం పట్టింది.

శంషాబాద్ నుంచి కడపకు ఆకాశంలో గీత గీస్తే సుమారు 300 కిలోమీటర్లు. రెక్కలకు పంకాలుండే ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ లెక్కన 36 నిమిషాలు చాలు. కానీ రన్‌వే దాకా పాకాలి, పైకెక్కాలి, దిగేముందు వంపు తిరిగి వరుసలోకి రావాలి. అందుకే గంట.

ఆ గంటకు ముందూ వెనకా ఉన్న గంటల్ని నేను లెక్కేయలేదు. ఇంటి నుంచి శంషాబాద్‌కు గంటన్నర. అక్కడ తనిఖీలు, ఎదురుచూపులు. కడపలో దిగాక ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం మీదుగా కారులో రెండున్నర గంటలు. ఇంటి ముందు దిగేసరికి సాయంత్రం నాలుగున్నర. హైదరాబాద్ నుంచి నేరుగా కారెక్కినా ఇంచుమించు అదే వేళకు చేరేవాణ్ణి.

అరుగు మీది నల్లబండ ఎండకు కాలుతోంది. ఆ బండ మీదే కూర్చుని ఉంది అమ్మ.

"గంటన్నావని మీ నాయనకు చెప్పినా. పదింటికి దిండు ఆనించి కూచోబెట్టమన్యాడు. పడుకోమంటే వినలా. వాకిలి దిక్కే చూస్తా కూచున్యాడు. ఇప్పుడే కన్నంటుకుంది" అంది.

ఆరున్నర గంటలు! ఊపిరాడని మనిషిని నా ఒక్క మాట అంతసేపు కూర్చోబెట్టింది.

చీకటి పడ్డాక నాయన కళ్లు తెరిచాడు. "విమానం లేటయినాదా?" అన్నాడు. లేదని ఎట్లా చెప్పను? "అవున్నాయనా" అన్నాను. అదీ నేను చెప్పిన అసలు అబద్ధం. ఆ తర్వాత ఆయన మరో ఏడాది మాతో ఉన్నాడు.

మ్యాపు ముందేసుకుంటే తాడిపత్రిది వింత పరిస్థితి. 1990లో వచ్చిన పుట్టపర్తి విమానాశ్రయం, 2015లో మళ్లీ తెరుచుకున్న కడప, 2021లో మొదలైన ఓర్వకల్లు... గీత గీసి కొలిస్తే మూడూ దాదాపు 90 నుంచి 100 కిలోమీటర్లే. మూడింటి నడుమా ఉన్నాం, దేనికీ దగ్గర లేం. 1871లో రాయచూరు దగ్గర కలిసిన మద్రాసు-బొంబాయి రైలుమార్గం మాత్రం ఊళ్లోంచే పోతుంది. రాత్రి హైదరాబాద్‌లో రైలెక్కితే తెల్లారేలోపు దిగొచ్చు.

ఇప్పటికీ అమ్మ అదే అడుగుతుంది, "ఎంతసేపట్లో వస్తావు?" అని. నేను విమానం టైమూ చెప్పను, రైలు టైమూ చెప్పను. వాకిట్లో చెప్పులు విడిచే టైము చెబుతాను. దానికి ఇంకో గంట కలిపి మరీ చెబుతాను. ముందుగా చేరితే ఆమె ముఖంలో కనిపించే ఆశ్చర్యం చూడాలని!