లెక్కలో లేని ప్రశ్న

బాలసాహిత్యంలో తరచుగా నీతి ముందు నిర్ణయమవుతుంది. దానిని మోయడానికి ఒక బాలుడు తరువాత సృష్టింపబడతాడు. అటువంటి బాలుడు పుస్తకం మూయగానే మరపున పడతాడు. 1935లో వెలువడిన ఆర్.కె. నారాయణ్ తొలి నవల ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’లోని స్వామినాథన్‌కు ఆ గతి పట్టలేదు. అది పిల్లలకోసమే అన్న ముద్రతో వచ్చిన నవల కాదు. అయినా తరతరాల పిల్లలు దానిని తమదిగా చేసుకున్నారు. ఆ పాత్రకు ప్రాణం ఎక్కడినుంచి వచ్చింది?

నవలలోని ఒక చిన్న ఘట్టం ఇందుకు సమాధానం చెబుతుంది. సెలవు రోజులలో తండ్రి స్వామిని కూర్చోబెట్టి ఒక లెక్క ఇస్తాడు. రాముని వద్ద పది మామిడికాయలున్నాయి; వాటికి పదిహేను అణాలు రావాలని అతని పట్టుదల. కృష్ణునికి కావలసినవి నాలుగే. అతడెంత చెల్లించాలి? తండ్రికి కావలసింది ఆరణాలు అన్న జవాబు. స్వామికి మాత్రం ఆ కాయలు మాగినవో కావో ముందు తెలియాలి. అంతటితో ఆగక, రాముడు తన తరగతిలోని శంకర్ వంటివాడై ఉంటాడనీ, కృష్ణుడు మరొక చిన్న మిత్రుని వంటివాడనీ ఊహించి, కృష్ణునిపై జాలిపడతాడు. జవాబు వచ్చేసరికి అతని కంట నీరే మిగులుతుంది.

లెక్కల పుస్తకంలో రాముడు, కృష్ణుడు ఉత్త పేర్లు. స్వామి వారికి తాను ఎరిగిన ముఖాలు ఇచ్చాడు, వారి మొండితనాన్నీ ఆశనూ గుర్తించాడు. రచయిత స్వామిని సృష్టించినదీ ఈ పద్ధతిలోనే. అతడు మంచివాడా, చెడ్డవాడా అని నారాయణ్ విచారణ జరపలేదు. సోమవారం ఉదయమంటే అతనికెందుకు దిగులో, బలశాలి మణి పక్కనుంటే ఎందుకంత ధైర్యమో, కొత్తగా వచ్చిన రాజం మెప్పుకోసం ఎందుకంత ఆరాటమో చూపి ఊరుకున్నాడు.

చరిత్ర కూడా ఈ నవలలో బాలుని కంటి ఎత్తునుంచే కనిపిస్తుంది. 1930 ఆగస్టులో మాల్గుడిలో నిరసనసభ జరుగుతుంది. విదేశీ వస్త్రాల మంటలో స్వామి తన టోపీని విసరివేస్తాడు. అది ఖద్దరు దుకాణంలో అధిక ధరకు కొన్నదని తరువాత తండ్రి చెబుతాడు. గుంపును హెచ్చరించి చెదరగొట్టించిన పోలీసు అధికారి మరెవరో కాదు, రాజం తండ్రి. ఇక్కడ రచయిత ఉద్యమాన్ని చిన్నబుచ్చలేదు. బాలుణ్ణి వీరునిగానూ పెంచలేదు. ఆవేశం, భయం, స్నేహం ఒకే హృదయంలో ఇరుకుగా సర్దుకున్న ఆ స్థితి ఏ ప్రభుత్వ దస్త్రంలోనూ నమోదు కాదు.

చివరకు ఆ స్నేహాన్ని విడదీసేది ఒక బదిలీ. క్రికెట్ పోటీనాటికి స్వామి అందుబాటులో లేకపోవడంతో అలిగిన రాజం, తండ్రితోపాటు రైలెక్కి వెళ్లిపోతాడు. స్వామి కానుకగా తెచ్చిన కథల పుస్తకం అతని చేతికి అందుతుంది గాని, అతడు క్షమించాడో లేదో తెలియదు. రచయిత బాలుణ్ణి శిక్షించలేదు, తొందరపడి ఓదార్చలేదు కూడా. పిల్లల దుఃఖాన్ని పెద్దల దుఃఖంతో సమానంగా గౌరవించడమంటే ఇదే.

ఈ చూపు నవలతో ముగిసిపోలేదు. 1986లో రాజ్యసభకు నామినేట్ అయిన నారాయణ్, 1989లో బడిపిల్లల పుస్తకాల సంచి బరువును గురించి సభలో ప్రసంగించారు. 1992లో ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన ప్రభుత్వం సంఘాన్ని నియమించింది; భారంలేని చదువును కోరుతూ 1993లో ఆ సంఘం నివేదిక సమర్పించింది. సంచి బరువు తూచడానికి త్రాసు చాలు. దానిని మోసే బాలుడు ఏమి ఆలోచిస్తున్నాడో తెలియాలంటే మాత్రం, మామిడికాయలు మాగినవేనా అని అతడు అడిగినప్పుడు విసుగుకొనక వినవలసి ఉంటుంది.