అద్దం వెనక తీగ

కారులో డ్రైవరు తలకు కాస్త పైన వేలాడే చిన్న అద్దానికి పని ఒక్కటే... వెనక ఏం వస్తోందో చూపించడం. ముందు ఎవరు పొంచి ఉన్నారో చెప్పే పని కూడా దానికి అంటగట్టారు అమెరికాలో. నేరుగా కాదులెండి, దాని వెనక నుంచి చిటికెడు కరెంటు అరువు తీసుకుని!

రాడార్ డిటెక్టర్ అని ఒక డబ్బా ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. పోలీసులు రోడ్డు పక్కన నిలబడి వాహనాల వేగాన్ని కొలుస్తుంటే, వాళ్ల కంటపడకముందే బీప్ బీప్‌మని కూస్తుంది. డ్రైవరు కాలు యాక్సిలరేటర్ మీంచి బ్రేకు మీదకు మారుతుంది. ఆ తర్వాత అంతటి బుద్ధిమంతుడు ఆ రోడ్డు మీద మరొకడు ఉండడు.

ఇందులో మంత్రమేమీ లేదు. పోలీసు చేతిలోని రాడార్ గన్ రేడియో తరంగాన్ని వదులుతుంది. అది కారుకు తగిలి తిరిగొస్తుంది. కారు ఎదురుగా వస్తుంటే తిరిగొచ్చే తరంగం పౌనఃపున్యం కొద్దిగా పెరుగుతుంది. ఎంత పెరిగిందో లెక్క కడితే వేగం తెలిసిపోతుంది. ఆస్ట్రియా శాస్త్రవేత్త డాప్లర్ 1842లో చెప్పిన సూత్రమే ఇది. ఆగకుండా పోయే రైలు కూత దగ్గరకొచ్చేటప్పుడు సన్నగా, దాటిపోగానే బొంగురుగా వినిపిస్తుందే... ఆ సంగతే.

మరి పోలీసుకన్నా ముందే డబ్బాకెలా తెలుస్తుంది? రాత్రిపూట చేను కాపలాకు బ్యాటరీ లైటు పట్టుకుని వెళ్లేవాడిని అడిగితే చెబుతాడు. లైటు వెలుగు వెళ్లి ఏ పందికో తగిలి తిరిగి కంటికి చేరితేనే అతనికి పంది కనిపిస్తుంది. పందికి మాత్రం ఆ లైటు ఎంతో దూరం నుంచే కనబడుతుంది. గన్‌కు తరంగం వెళ్లి తిరిగి రావాలి. డిటెక్టర్‌కు వస్తే చాలు.

పొడవాటి ఫ్రీవేల మీద రోజూ ఆఫీసుకు పరుగెత్తే డల్లాస్, హ్యూస్టన్ తెలుగువాళ్లకు ఇది కొత్త వస్తువు కాదు. టెక్సస్‌లో సొంత కారులో పెట్టుకుంటే ఎవరూ అడగరు. అదే మనిషి ఉద్యోగం మారి వర్జీనియా వెళ్తే మాత్రం విప్పి పెట్టెలో పెట్టుకోవాలి. అక్కడా, పక్కనే ఉన్న వాషింగ్టన్ డీసీలోనూ నిషేధం. రాష్ట్రాల మధ్య తిరిగే పెద్ద లారీలకైతే దేశమంతా నిషేధమే. కారులో దాచిపెట్టిన డిటెక్టర్‌ను కనిపెట్టే డిటెక్టర్లు కూడా పోలీసులకున్నాయి. దొంగకు తాళం, తాళానికి దొంగ అన్నట్టు సాగుతుందీ ఆట.

డబ్బా కొనడం తేలికే. కరెంటివ్వడం దగ్గరే తంటా. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే మెలికల వైరు గేరు మీదుగా, స్టీరింగ్ పక్కగా వేలాడుతూ ఉంటుంది. చూడ్డానికి బాగోదు సరికదా, దొంగకు ఇక్కడ ఖరీదైన వస్తువుందని చెప్పకనే చెబుతుంది. అందుకని కొందరు అద్దం వైపు చూశారు. అక్కడి కార్లలో చాలావాటికి వెనక బండి లైట్ల వెలుగు పడగానే తనంతట తనే మసకబారే అద్దాలుంటాయి. మసకబారాలంటే కరెంటు కావాలి. అంటే అద్దం వెనక పన్నెండు వోల్టుల తీగ ఉండనే ఉంది. దానికి జానెడు వైరు కలిపి, టెలిఫోన్ తీగకుండే లాంటి బుడిపె తగిలిస్తే డిటెక్టర్ అద్దం పక్కనే కుదురుగా కూర్చుంటుంది. తాళం తిప్పితే వెలుగుతుంది, తీస్తే ఆరిపోతుంది.

చెప్పినంత సులువు కాదు. అద్దం వెనక ఒక్క తీగే ఉండదు మరి. ఒకటి తాళం తిప్పితేనే కరెంటొచ్చేది. ఇంకొకటి బాడీకి కలిసే ఎర్త్. రివర్స్ గేరు వేసినప్పుడు మాత్రమే కరెంటొచ్చే తీగ కూడా చాలావాటిల్లో ఉంటుంది. బండి వెనక్కి తీసేటప్పుడు అద్దం మసకబారకుండా ఆపడానికది. పొరపాటున దానికి కలిపారో... డబ్బా బండి వెనక్కి పోతున్నప్పుడు మాత్రమే మేల్కొంటుంది! అందుకే మీటరు పెట్టి చూడకుండా ఏ తీగనూ ముట్టుకోకూడదు.

అలా వర్జీనియాలో విప్పి పెట్టెలో పెట్టిన డబ్బా ఒకటి సూట్‌కేసులో పడి కొత్తకోట చేరింది. తెచ్చినవాడు ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. శంషాబాద్‌లో దిగి, నాయిన కారు తనే నడుపుకుంటూ ఇంటికొచ్చాడు. వచ్చిన నాలుగు రోజులకు కారు బొమ్మతో సహా చలానా నాయిన ఫోనుకొచ్చింది. పంతులుగా రిటైరైన ఆ పెద్దాయనకు అదే మొదటి చలానా. ఆయన ఒక్క మాటా అనలేదు. ఫోను కొడుకు చేతికిచ్చి ఊరుకున్నాడు. కొడుక్కి అదే ఎక్కువ గుచ్చుకున్నట్టుంది. డబ్బా పట్టుకుని హైవే పక్కనున్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకెళ్లాడు.

"అద్దం ఎనకకెల్లి లైన్ తీయన్నా. అక్కడ మేం గట్లనే పెడ్తం" అన్నాడు.

మేస్త్రీ అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "తమ్మీ, గిండ్ల వైరే లేదు. ఉత్త అద్దమే."

నిజమే. మన దగ్గర తిరిగే మామూలు కార్లలో అద్దం కింద చిన్న పుల్లలాంటిది ఉంటుంది. రాత్రిపూట దాన్ని వేలితో నొక్కితే అద్దం వాలి వెలుగు తగ్గుతుంది. దానికి కరెంటుతో పనిలేదు. తనంతట మసకబారే అద్దం కావాలంటే ఖరీదైన మోడల్ కొనాలి.

"పైన లైటుకాడ కరెంటున్నది గానీ అది బందుగాదు తమ్మీ. రాత్రంత తాగుతనే ఉంటది. నాయిన పొద్దుగాల సెల్ఫ్ కొడ్తే టక్కుటక్కుమంటది."

ఆ మాటల్లో వైరింగ్ పాఠం మొత్తం ఉంది. ఎప్పుడూ కరెంటుండే తీగకు ఏది తగిలించినా, ఎంత చిన్నదైనా, నిలబెట్టిన బండి బ్యాటరీని కొద్దికొద్దిగా పీలుస్తుంది. అంతకన్నా పెద్ద సంగతి ఫ్యూజుది. డిటెక్టర్ లాంటివి సాధారణంగా అర ఆంపియర్ కూడా తాగవు. వాటికి వేసేది దారంలాంటి వైరు. దాన్ని తెచ్చి పది, పదిహేను ఆంపియర్ల ఫ్యూజు మీదున్న లైనుకు కలిపేస్తారు. ఎక్కడైనా వైరు ఒరుసుకుని కరెంటు కారుతుంటే పెద్ద ఫ్యూజుకు చీమ కుట్టినట్టూ ఉండదు, ఈలోగా సన్న వైరు కాలిపోతుంది. అందుకే కలిపిన చోటనే ఒకటో రెండో ఆంపియర్ల ఫ్యూజు విడిగా వేయాలి. పోయిన ఫ్యూజుకు సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టి బండి నడిపించే అలవాటు మనవాళ్లలో ఉంది చూశారూ, దానికి మించిన దుస్సాహసం లేదు. ఎయిర్‌బ్యాగులది మరో గొడవ. ముందు అద్దం పక్కనుండే స్తంభం లోపల చాలా కార్లలో ఎయిర్‌బ్యాగు ముడుచుకుని ఉంటుంది. దాని ముందు నుంచి వైరు లాగితే, బ్యాగు విచ్చుకోవాల్సిన క్షణంలో అడ్డం పడుతుంది.

ఇవన్నీ సరిచేసుకున్నా డబ్బా ఇక్కడ పెద్దగా పనికొచ్చేది కాదని అతనికి కాసేపటికి అర్థమైంది. తెలంగాణ పోలీసుల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి లేజర్ గన్‌లు. అది రేడియో తరంగం కాదు, కంటికి కనిపించని కాంతి. రాడార్ తరంగం నీళ్లు చల్లినట్టు అన్నివైపులా చిందుతుంది, ముందు పోయే బండ్లకు తగిలి వెనకవాడికీ అందుతుంది. లేజర్ అలా కాదు. మూడొందల మీటర్ల దూరంలో కూడా దాని వెడల్పు మీటరు, అంతే. గురిపెట్టిన బండికే తగులుతుంది. సెకను తిరక్కముందే వేగం చెప్పేస్తుంది. అది తగిలాక డబ్బా కూసినా ప్రయోజనం లేదు, అప్పటికే ఫొటో పడిపోయి ఉంటుంది. ఇక కొత్త కార్లలో పక్కన బండి ఉందని హెచ్చరించే సెన్సర్లకూ, దుకాణాల్లో వాటంతటవే తెరుచుకునే తలుపులకూ డబ్బా పోలీసనుకుని అరుస్తూనే ఉంటుంది.

అయినా కొత్తకోటలో వేగం సంగతి చలానాతో తేలేది కాదు. ఊరిని ఆనుకుని పోయే రోడ్డు 44వ నంబరు జాతీయ రహదారి. పాత లెక్కల్లో ఏడో నంబరు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా దేశాన్ని నిలువునా చీల్చుకుపోతుంది. హైదరాబాద్, బెంగళూరు మధ్య రాత్రంతా తిరిగే బస్సులన్నీ ఇటే. 2013 అక్టోబరు 30న తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ప్రైవేటు వోల్వో బస్సు కొత్తకోట మండలం పాలెం దగ్గర కల్వర్టును ఢీకొంది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు లేచాయి. జనం నిద్రలో ఉన్నారు. 45 మంది ఆహుతయ్యారు. గుర్తుపట్టే వీల్లేక డీఎన్ఏ పరీక్షలు చేసి శరీరాలను ఇళ్లకు పంపాల్సి వచ్చింది. దాదాపు పన్నెండేళ్లు గడిచాక, 2025 అక్టోబరు 24న, ఇదే రోడ్డు మీద కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మరో రాత్రి బస్సు కాలిపోయింది. మళ్లీ నిద్రలోనే.

పాలెం సంగతి ఆ మండలంలో తెలియని ఇల్లు ఉండదు. బడికెళ్లే పిల్లలు, చేలకు పోయే ఆడవాళ్లు, గొర్రెలు, పాల క్యాన్ల బండ్లు... వీళ్లందరూ ఆ రోడ్డు దాటాల్సిందే. వందకు పైగా వేగంతో వచ్చే కారు సెకనుకు ఇరవై ఎనిమిది మీటర్లు మింగేస్తుంది. గొర్రెల మందను చూసి డ్రైవరు కాలు బ్రేకు మీదకు చేరేలోపే మరో ముప్పై మీటర్లు పోతాయి. వీళ్లెవరూ తరంగాలు వదలరు. వీళ్లొస్తున్నారని డబ్బా కూయదు.

సాయంత్రం పెద్దాయన దుకాణానికి వచ్చేసరికి డబ్బా మళ్లీ సంచిలోకి వెళ్లిపోయింది. దాని బదులు మేస్త్రీ దగ్గరున్న కెమెరా ఒకటి అద్దం పక్కన బిగిస్తున్నారు. తాళం తిప్పితేనే కరెంటొచ్చే చోటు ఫ్యూజు బాక్సులో వెతికి, రెండు ఆంపియర్ల ఫ్యూజు వేసి, ఎయిర్‌బ్యాగుకు వెనకగా వైరు లాగాడు మేస్త్రీ. తెర మీద రోడ్డు బొమ్మ, కింద మూలన బండి వేగం అంకెల్లో కనిపించాయి.

"ఇది ఎవర్ని పట్టిస్తది?" అడిగాడు పెద్దాయన.

"ఎవరొచ్చి గుద్దినా ఎరకయితది సార్. మనం ఎంతల పోతున్నమో గూడ ఎక్కుతది."

పెద్దాయన కొడుకు వైపు చూశాడు. "అయితే ఈనె ఉన్నన్ని దినాలు తీయకు" అని మేస్త్రీకి చెప్పి, కారెక్కి కూర్చున్నాడు.