అజ్ఞాతవాసానికి ముందు

మాది నేలకొండపల్లి. ఖమ్మంలో బస్సెక్కితే గంటలోపే వచ్చే వూరు. భక్త రామదాసుగా లోకమెరిగిన కంచర్ల గోపన్న పుట్టినది ఇక్కడే. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, తానీషా కాలంలో గోలకొండ చెరసాల పాలయిన ఆ మహానుభావుని పేరున మా వూళ్ళో ధ్యానమందిరం వుంది. ఇక వూరి పక్కన విరాటరాజు దిబ్బ. పాండవులు అజ్ఞాతవాసం చేసినది అక్కడేనని మా పెద్దలు చెప్పేవారు. పురావస్తు శాఖవారు తవ్వి చూస్తే బౌద్ధ విహారాల పునాదులూ, బుద్ధ విగ్రహాలూ బయటపడ్డాయి. ఇల్లూ వాకిలీ విడిచినవారు ఒకచోట చేరి, ఒకే పంక్తిన భోంచేసి కాలం గడిపిన చోటన్నమాట.

ఈ సంగతి ముప్ఫయ్యేళ్ళు బడిపిల్లలకు చెప్పాను. నా 71వ యేట అది నా నెత్తినే వచ్చి పడుతుందని మాత్రం అనుకోలేదు.

మా అమ్మాయి అమెరికాలో, అబ్బాయి బెంగుళూరులో. ఇద్దరూ కూడబలుక్కుని ఒకనాడు ఫోను చేశారు. "నాన్నా, కోయంబత్తూరు దగ్గర పెద్దవాళ్ళ కోసమే కట్టిన కాలనీలున్నాయి. వంట, వైద్యం, కాపలా అన్నీ వాళ్ళే చూస్తారు. ఒకసారి చూసి రండి" అన్నారు.

"వృద్ధాశ్రమమా?" అన్నాను మండిపడుతూ.

"కాదు నాన్నా, సొంత ఇల్లే. కొనుక్కోవచ్చు, అద్దెకూ వుండొచ్చు."

ఇది మనవాళ్ళకు కొత్త గాని, లోకానికి కొత్త కాదు. అమెరికాలో ఎరిజోనా ఎడారి పక్కన డెల్ వెబ్ అనే ఆయన సన్ సిటీ అనే వూరునే పెద్దవాళ్ళ కోసం కట్టి, 1960 జనవరి 1న తలుపులు తెరిచాడు. చూడడానికి జనం కార్లలో బారులు తీరారట. మన దేశంలో ఇటువంటి కాలనీలకు కోయంబత్తూరు పేరుమోసింది. పడమటి కనుమల గాలి, శిరువాణి నీళ్ళు, మంచి ఆసుపత్రులు—ముసలితనానికి ఇంతకన్న ఏం కావాలి?

మేమూ బయలుదేరాం. నా చేతిలో ప్రశ్నల పుస్తకం, మా ఆవిడ చేతిలో పులిహోర డబ్బా.

కాలనీ వందల ఇళ్ళతో చిన్న వూరులాగే వుంది. ఎక్కడా గడప లేదు. చక్రాల కుర్చీ సాఫీగా పోతుంది. స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీలు, మంచం పక్కన పిలుపు గంట. మేనేజరు కుర్రవాడు వినయంగా అంతా చూపించాడు. నేను పుస్తకం తెరిచాను. నెలసరి ఖర్చు ఎంత, ఏటా ఎవరు పెంచుతారు, రాత్రివేళ గుండెనొప్పి వస్తే అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుంది, ఇల్లు అమ్మదలిస్తే ఎవరికైనా అమ్మవచ్చునా? ఇటువంటి ఇళ్ళ విషయమై కేంద్ర ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు వెలువరించిందని చదివి వున్నాను గనుక ఒప్పందం కాగితాలు కూడా అడిగి తీసుకున్నాను. పిల్లాడికి చెమటలు పట్టాయి.

మా ఆవిడ ఒక్కటే ప్రశ్న అడిగింది. "బాబూ, ఇద్దరిలో ఒకరు పోతే, రెండోవారిని ఇక్కడే వుండనిస్తారా?"

కుర్రవాడు ఒక్క క్షణం ఆగి, "వుండొచ్చమ్మా. మంచాన పడితే నర్సు ఖర్చు మాత్రం వేరే" అన్నాడు. నా పుస్తకంలో 23 ప్రశ్నలున్నాయి. అది లేదు.

మధ్యాహ్నం భోజనశాలలో కూర్చున్నాం. సాంబారు, రసం, పొరియల్. గోంగూర వూసు లేదు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ మా మాటలు విని నవ్వి, తెలుగులో పలకరించింది. తరాల క్రితం వలస వచ్చిన నాయుళ్ళ కుటుంబమట. కోయంబత్తూరు జి.డి. నాయుడుగారి వంటి మేధావి కూడా ఆ తెలుగు ఇళ్ళలో పుట్టినవాడే. ఆమె తెలుగు కొంచెం పాతగా, కొంచెం అరవంగా వుంది. ఆప్యాయత మాత్రం అచ్చంగా మనదే.

"సుఖంగా వుందా అమ్మా?" అన్నాను.

"సుఖమే. మొదటి ఆరు నెలలూ రోజూ ఏడ్చినాను. తరువాత ఏడ్చేదానికి పొద్దు చాల్లేదు" అన్నది.

ఒక మూల కారమ్సు ఆడుతున్న ముసలాయన్ను చూపించి, "ఆయన పెద్ద జడ్జీగా చేసినారు. ఇక్కడ ఓడిపోతే అలుగుతారు" అని కూడా చెప్పింది.

నాకు మా విరాటరాజు దిబ్బ గుర్తుకు వచ్చింది. కంకుభట్టు అయిన ధర్మరాజు! ఎంతటివాడైనా ఇక్కడికి వస్తే పాతపేరు విడిచిపెట్టాలి. మా వూళ్ళో నేను బజారుకు వెళితే నలుగురు "మాస్టారూ, నమస్కారం" అంటారు. ఇక్కడ నేను ఫలానా నెంబరు ఇంటాయన్ను.

రైల్లో తిరిగి వస్తూ ఆ మాటే అన్నాను. "ఇది అజ్ఞాతవాసమే."

"అయితేనేం? వంటకు వలలుడున్నాడు" అంది మా ఆవిడ.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఏమండీ, పెళ్ళయి 48 ఏళ్ళు. జ్వరం వచ్చిన నాడు కూడా పొయ్యి వెలిగించాను. ఇవాళ ఎవరో వడ్డిస్తే కూర్చుని తిన్నాను. పొరియల్ చప్పగానే వుంది. కాని ఎంత రుచిగా తిన్నానో మీకేం తెలుసు!"

నేనేమీ అనలేదు. ఆవిడే మళ్ళీ అంది:

"మీరు వూరు చూసి, 23 ప్రశ్నలడిగి, ఆలోచించుకుంటామని చెప్పి వచ్చారు. 19వ యేట నేను మీ వూరికి వచ్చేటప్పుడు నన్నెవరు చూసి రమ్మన్నారు? మొదటి ఆరు నెలలూ నేనూ ఏడ్చాను."

కిటికీలోంచి చీకట్లు కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళలో నాకీ సంగతి తెలియదు. గోపన్నగారి చెరసాల పన్నెండేళ్ళని పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, మా వంటింటి లెక్క ఎన్నడూ వెయ్యలేదు.

ఇంటికి చేరాక నిర్ణయించుకున్నాం. నేలకొండపల్లి ఇల్లు అమ్మం. ఖమ్మం ఎండలు మాడ్చే ఏప్రిల్, మే నెలలు అక్కడ అద్దెకు వుండి చూస్తాం. ఆదివారం అతిథులుగా చూసిన వూరు వేరు, మంగళవారం ఒంట్లో బాగులేనప్పుడు కనిపించే వూరు వేరు. ఇటువంటి ఆలోచనలో వున్న పాఠకులకు నేను చెప్పగల సలహా కూడా ఇంతే: ముందు వుండి చూడండి, ఆ తరువాత కొనండి. ప్రశ్నల పుస్తకం మాత్రం మీ ఆవిడ చేత కూడా రాయించండి.

మొన్న ఆవిడ పెట్టె సర్దుతూంటే చూశాను. అన్నిటికన్న అడుగున ఒక జాడీ కనిపించింది. గోంగూర పచ్చడి.

"వలలుడున్నాడన్నావుగా?" అన్నాను.

"అది మీకు కాదు. ఆ నాయుళ్ళావిడకు" అంది.